అంగడి మెట్లు

తెలుగునాట ఏ పట్టణపు బజారునకు పోయినను ఒక దృశ్యము కంటబడును. వీథి ప్రక్కన మురుగుకాలువ; కాలువమీద రాతిపలక; పలకకు ఆవల రెండు మూడు మెట్లు; మెట్లపైన అంగడి. ఈ మెట్లు ఊరక పుట్టినవి కావు. వానకాలమున కాలువ పొంగి వీథి నిండ నీరు పాఱును. ఆ నీటివలన బియ్యము, ఉప్పు, పప్పు, బట్టలు తడిసి చెడిపోకుండుటకై పూర్వులు అరుగు ఎత్తుచేసి దానిపై అంగడి కట్టిరి. వీథిలోని దుమ్ము, పశువులు లోనికి రాకుండుటకు కూడ ఆ ఎత్తు ఉపకరించెను. కొంతకాలమునకు ఎత్తైన మెట్లుండుటయే అంగడికి హోదా అను తలంపు ఏర్పడినది. నేడు పాలరాయి పఱచి, అద్దాల తలుపులు బిగించిన పెద్ద వస్త్రదుకాణములును, నగల దుకాణములును కూడ ఆ మెట్లను విడువలేదు. వాహనములు నిలుపుటకు క్రింద సెల్లారు కట్టిన చోట్ల మెట్ల సంఖ్య మఱింత పెరిగినది.

నీటిని ఆపుటకు కట్టిన మెట్టు మనుష్యులను కూడ ఆపుచున్నది. కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీలో తిరుగువారు, చేతితో త్రిప్పు మూడుచక్రాల బండిపై వచ్చువారు, చంకకఱ్ఱల ఊతతో నడచువారు ఆ మెట్టు కడనే నిలిచిపోవలసి వచ్చుచున్నది. వారిని రావద్దని ఎవరును అనలేదు. తలుపుమీద నిషేధపు పలక ఏదియు లేదు. ఐనను ఆ మాటను మెట్టు నోరు మెదపకయే చెప్పుచున్నది.

అంగడి గృహము వంటిది కాదు. గృహస్థుడు తనకు ఇష్టమైనవారిని తన యింటికి పిలుచుకొనవచ్చును. కాని వీథివైపు తలుపు తెఱచి, పేరు వ్రాసిన పలక వ్రేలాడగట్టి, రండని పిలిచిన వర్తకుడు ఆ పిలుపును అందఱికిని వర్తింపజేయవలసియున్నది. ఈ ధర్మమును దేశము తేలికగా నేర్చుకొనలేదు. కులమును బట్టి కొందఱిని హోటలులోనికి రానీయని కాలము ఒకటి ఉండెను. కొందఱికి వేఱుగా గ్లాసు పెట్టిన కాలము ఉండెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 15వ అధికరణమున అంగళ్లను, హోటళ్లను, వినోదశాలలను ప్రత్యేకముగా పేర్కొన్నది. మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు అను కారణములచేత మాత్రమే ఏ పౌరునికిని వానిలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది.

ఆ అధికరణమున అంగవైకల్యము పేరు లేదు. కాని అందలి నీతి స్పష్టము. ప్రజలకై తెఱచిన తలుపు ప్రజలందఱి కొఱకును తెఱచినదే. నోటిమాటతో ఒకనిని బయట నిలుపుట తప్పైనప్పుడు, ఇటుకలతోను సిమెంటుతోను నిలుపుట మాత్రము ఎట్లు ఒప్పగును?

ఈ ప్రశ్న ఏ కొద్దిమందికో చెందినది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. అనగా ప్రతి నూరుమందిలోను ఇద్దఱికి పైగా. వీరిలో నడువలేనివారు కలరు, చూడలేనివారు కలరు, వినలేనివారు కలరు. ఈ లెక్కలో చేరనివారు ఇంకను ఎందఱో కలరు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకు నిట్టూర్చు వృద్ధులు, నిండుచూలాండ్రు, చంటిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లులు, కాలు విఱిగి మూడు నెలలు కట్టుతో నుండు యువకులు, బరువైన మూటలను త్రోపుడుబండిపై తెచ్చు హమాలీలు, వీరందఱికిని మెట్టు కష్టమే. యౌవనము ఎవరికిని శాశ్వతము కాదు. నేడు మూడు మెట్లను మూడు అంగలలో దాటు వర్తకుడే ముప్పది యేండ్ల తరువాత తన అంగడి మెట్ల ముందు ఇతరుల చేయి కొఱకు చూడవచ్చును.

మెట్టు ఒక్కటియే అడ్డు కాదు. తలుపు ఇరుకైనచో చక్రాల కుర్చీ దూరదు. దానికి సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు వలయును. లోపల సరకుల గుట్టల నడుమ కుర్చీ త్రిప్పుకొనుటకు చోటు లేనిచో, ప్రవేశించినవాడు వెనుకకు రాలేక చిక్కుకొనును. గల్లాపెట్టె ఉన్న బల్ల గుండెల యెత్తున ఉన్నచో, కూర్చున్నవానికి లెక్క తీర్చువాని ముఖము కానరాదు. లిఫ్టు ఉండియు అందలి మీటలు అందనంత ఎత్తున ఉన్నచో, అది ఉన్నను లేనట్లే. మరుగుదొడ్డి సంగతి చెప్పనక్కఱలేదు. అది ఇరుకుగా నుండుటచేత బయలుదేరునప్పుడే నీరు త్రాగుట మానుకొని వచ్చు వికలాంగ స్త్రీల కష్టము పెద్ద పెద్ద భవనములు కట్టువారికి తెలియదు.

చూపులేనివారి అవసరము వేఱు. 1967 లో జపాను దేశమున ఒకయామా నగరమందు మియాకే సెయిచి అను నతడు రూపొందించిన బొడిపెల పలకలను మొదటిసారిగా వీథిలో పఱచిరి. తెల్లకఱ్ఱకును పాదమునకును తగులు ఆ బొడిపెలు, ఇచట ఆగుము, ఇచట దారి మాఱుచున్నదని తెలుపును. నేడు భారతదేశపు మెట్రోరైలు స్టేషనులలో కనబడు పసుపుపచ్చని పలకలు ఆ యుపాయపు సంతతియే. కాని స్టేషను వెలుపల అడుగు పెట్టగానే ఆ దారి తఱచు అంతమగును. ఉన్నచోట్ల కూడ దానిమీద బండ్లు నిలుపుచుందురు, బుట్టలు పెట్టుచుందురు. లిఫ్టు మీటలపై బ్రెయిలీ అక్షరములు, అంతస్తు పేరు పలుకు గొంతు, వినలేనివారికై పెద్ద అక్షరములతో వ్రాసిన ధరల పట్టికలు, ఇవి అన్నియు చిన్న ఏర్పాటులే. ఐనను ఇవి లేనిచోట అంగడి సగము మూసియున్నట్లే.

మెట్టునకు బదులు వేయు వాలుదారిని వాడుకలో ర్యాంపు అందురు. దాని లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి కష్టమైనది కాదు. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు పండ్రెండడుగుల నిడివి వలయును. ఇదియే నిపుణులు నిర్ణయించిన వాలు. ఆరంగుళముల మెట్టు ఒకటి ఉన్నచో ఆరడుగుల దారి చాలును. అట్టి మెట్లు మూడున్నచో ఎత్తు అడుగున్నర, దారి పదునెనిమిదడుగులు. రెండు ప్రక్కల చేతికి అందు కమ్మీలు ఉండవలెను. తలుపు ముందు కుర్చీ నిలుపుకొనుటకు సమతలమైన చోటు ఉండవలెను. నేల గరుకుగా నుండవలెను. మెఱయు పాలరాయి తడిసినచో చక్రము జాఱును.

ఈ లెక్కను విడిచి కట్టిన వాలుదారులు అనేకము కలవు. మోటారుసైకిలును లోనికి ఎక్కించుటకై మెట్ల ప్రక్కన నిటారుగా పోసిన సిమెంటు వాలును చూపి, ర్యాంపు ఉన్నదని చెప్పుట పరిపాటి. అడుగున్నర ఎత్తును ఆరడుగులలో ఎక్కింపజూచు వాలుపై చక్రాల కుర్చీ వెనుకకు తిరుగబడును. ఎక్కుటకంటె దిగుట మఱింత అపాయము. కొన్ని భవనములలో దారి సరిగానే ఉండును, కాని దాని మొదట గొలుసు కట్టి తాళము వేసియుందురు. తాళపుచెవి కావలివాని యొద్ద ఉండును, కావలివాడు ఎచటనో ఉండును. మఱికొన్నింట ఆ దారి వెనుకవైపున, సరకు దింపుచోట, చెత్తకుండీల నడుమ ఉండును. ముందు ద్వారమున నమస్కారము పెట్టి పన్నీరు చల్లు అంగడి, ఒక మనిషిని మాత్రము మూటలు పోవు దారిన రమ్మనుట మర్యాద కాదు.

ఈ విషయమున చట్టము మౌనముగా లేదు. చక్రాల కుర్చీలో తిరుగు జావేద్ ఆబిదీ మొదలగువారు 1995 డిసెంబరు మాసమున ఢిల్లీలో వీథికెక్కి అడిగిరి. ఆ మాసముననే పార్లమెంటు వికలాంగుల హక్కులకై ఒక చట్టమును ఆమోదించెను. అందు భవనముల ప్రస్తావన కలదు, కాని ఆర్థికశక్తి అనుమతించినంత మేరకు అను మాట కూడ కలదు. ఆ మాట చాటున అనేకులు దాగిరి. తరువాత 2016 లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఇంకను గట్టిది. ప్రజలు వచ్చి పోవు భవనము ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, వ్యాపారము జరుగునదైనను, అది ప్రజాభవనమే అని ఆ చట్టము చెప్పుచున్నది. నియమములను పాటింపని పటమునకు కట్టుటకు అనుమతి ఈయరాదు. పాటింపక కట్టినదానికి పూర్తియైనట్లు పత్రము ఈయరాదు, అందు ప్రవేశింపనీయరాదు అని 44వ సెక్షను విధించుచున్నది. అదివఱకే ఉన్న ప్రజాభవనములను నియమములు వెలువడిన నాటినుండి ఐదేండ్లలో సరిచేయవలెనని 45వ సెక్షను. నియమములు 2017 జూనులో వెలువడినవి. ఆ ఐదేండ్లు 2022 లో ముగిసినవి. మెట్లు మాత్రము బజారులలో నిలిచియే యున్నవి.

చూపులేని రాజీవ్ రాటూరి ఈ విషయమై సుప్రీంకోర్టునకు పోయెను. 2024 నవంబరు 8వ తేదీన ఆ న్యాయస్థానము ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. చట్టము ఉండవలెను అని కోరిన ప్రమాణములను, నియమములు ఉన్నచో మంచిది అను సలహాలుగా మార్చివేసినవని ఎత్తిచూపి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు మాసములలో చేయుమని కేంద్ర ప్రభుత్వమును ఆజ్ఞాపించినది. సలహాకును ఆజ్ఞకును గల భేదము మెట్టు ముందు నిలిచినవానికి బాగుగా తెలియును.

చట్టము చేతికఱ్ఱ వంటిది, నడువవలసినది సంఘము. కావున వర్తకులు చెప్పు మాటలను కూడ ఓపికతో వినవలెను.

వారి మొదటి మాట ఇది: "అట్టివారు మా అంగడికి రానే రారు, రానివారి కొఱకు ఖర్చు ఏల?" ఇందు కారణమును ఫలమును తారుమారైనవి. వారు రాకుండుటచేత దారి లేకపోలేదు. దారి లేకుండుటచేత వారు వచ్చుట లేదు. బావి త్రవ్వని ఊరిలో నీరు తోడువారు లేరు కావున బావి అక్కఱలేదని వాదించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. పైగా ఒక్కడు రానిచో పోవునది ఒక్కని బేరము కాదు. పండుగకు బట్టలు కొనవచ్చిన కుటుంబము, తమలో ఒకరు ప్రవేశింపలేని అంగడిని విడిచి, అందఱును ప్రవేశింపగల అంగడికి పోవును.

రెండవ మాట: "వచ్చినచో మా కుఱ్ఱవాండ్రు ఎత్తి లోనికి తెత్తురు, లేదా సరకును వీథిలోనికే తెచ్చి చూపుదురు." ఈ మాట వెనుక మంచి మనసు ఉండవచ్చును. కాని ఎత్తబడువాని స్థితిని కూడ తలపవలెను. ముక్కు మొగము తెలియని నలుగురు తనను మూటవలె ఎత్తుచుండ, వీథిలోనివారందఱు చూచుచుండ, అతడు చీరల అంగడిలోనికి పోవలెనా? ఒకడు కాలు జాఱినచో గాయపడునది ఎవరు? ఇక వీథిలో ఎండన నిలిచి, తెచ్చి చూపిన నాలుగింటిలో ఒకటి కొనుట బేరమనిపించుకొనదు. నూరు చూచి, ధర అడిగి, నచ్చనిచో మాఱు మాట లేక వెడలిపోవుటయే కొనువాని స్వాతంత్ర్యము. సాయముచే లోనికి వచ్చినవాడు కొనక వెడలుటకు జంకును. దయ అతనిని లోనికి తెచ్చును గాని స్వతంత్రునిగా చేయదు.

మూడవది ఖర్చు. భవనపు పటము గీయునప్పుడే వాలుదారిని చేర్చినచో దానికగు వ్యయము స్వల్పము. కట్టిన తరువాత పగులగొట్టి మరల కట్టినచో అది ఎక్కువ. కనుకనే మొదటనే ఆలోచింపవలెను. దీపాలంకరణమునకును, పేరు పలకకును, అద్దములకును ధారాళముగా వెచ్చించు పెద్ద అంగళ్లవారు ఈ ఒక్క పనికి మాత్రము చేతగాదనుట తగదు.

నాల్గవది స్థలము. ఇది నిజమైన చిక్కు. హైదరాబాదులోని సుల్తాన్ బజారు, విజయవాడలోని బీసెంటు రోడ్డు వంటి ఇరుకు బజారులలో అనేక అంగళ్ల ముందు పదునెనిమిదడుగుల చోటు లేదు. ఉన్న చోటు నడచువారిది. ఒకరికి దారి వేయుటకై పలువురి కాలిబాటను ఆక్రమింపరాదు. ఇందు తప్పు వర్తకునిదే యనుటయు న్యాయము కాదు. రోడ్డు వేసినప్పుడెల్ల పాత పొరపై క్రొత్త పొర వేయుటచే వీథి ఎత్తు పెరుగును. నీరు తన అంగడిలోనికి వచ్చునని భయపడి వర్తకుడు అరుగును పెంచును. ప్రక్కవాడు అంతకంటె ఎత్తుచేయును. వీథియు అంగడియు ఇట్లు పందెము వేసికొని పైకి పోవుచుండగా, క్రింద మిగిలిపోవునది చక్రాల కుర్చీలోని మనిషి.

ఈ చిక్కునకు ఉపాయములు లేకపోలేదు. కొన్ని అంగళ్లలో ద్వారమునకు లోపలనే వాలు వేయవచ్చును. ఒక్క మెట్టే ఉన్నచోట మడచి పెట్టుకొనదగిన లోహపు పలకను ఉంచుకొని, ద్వారము కడ చేతికి అందు ఎత్తున ఒక గంట అమర్చి, అది మ్రోగగానే పలకను వేయవచ్చును. ఇవి తాత్కాలికములు. వరుసగా ఉన్న అంగళ్లవారు కలిసి ఒకే ఎత్తున ముందఱి వసారాను ఏర్పఱచుకొని, దాని చివరన అందఱికిని ఉమ్మడిగా ఒక వాలుదారి వేసికొనుట మేలు. పురపాలక సంఘము రోడ్డు మరల వేయునప్పుడు పాత పొరను గీకివేసి పాత ఎత్తును నిలుపుట, మురుగుకాలువను శుభ్రముగా నుంచుట ఇంకను మేలు. నీరు నిలువని వీథిలో ఎత్తైన మెట్టునకు పనియే లేదు.

కొనుగోలు ఒక్కటియే కాదు; ఇందు బ్రదుకుతెరువు కూడ ఇమిడియున్నది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతము వికలాంగులకు ప్రత్యేకింపవలెనని 2016 చట్టము నిర్ణయించినది. కాని దేశమున ఎక్కువ కొలువులు అంగళ్లలో, కార్యాలయములలో, ప్రైవేటు సంస్థలలో కలవు. బాగుగా చదివి, లెక్కలు వ్రాయ నేర్చిన యువతికి గుమాస్తా పని దొరకవచ్చును. ఆ కార్యాలయము లిఫ్టు లేని రెండవ అంతస్తున ఉన్నచో ఆమె చదువు మెట్ల క్రిందనే మిగిలిపోవును. వినియోగదారు ఒక దినము లోనికి రాలేకపోయినచో ఒక వస్తువు దక్కదు. పనివాడు లోనికి రాలేకపోయినచో జీవితమే దక్కదు. తన కూటిని తాను సంపాదింపగలవానిని పరుల దయపై బ్రదుకువానిగా మార్చునది అతని కాలు కాదు, ఆ మెట్టు.

ఈ హక్కు ఏ దేశమునను అడుగకయే లభింపలేదు. 1990 మార్చి 12వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టనులో వికలాంగులు పలువురు తమ చక్రాల కుర్చీలను, చంకకఱ్ఱలను క్రింద విడిచి, అచటి పార్లమెంటు భవనపు మెట్లను చేతులతోను మోకాళ్లతోను ప్రాకుచు ఎక్కిరి. వారిలో జెన్నిఫర్ కీలన్ అను ఎనిమిదేండ్ల బాలిక కూడ ఉండెను. తమకు మెట్లు ఏమి చేయుచున్నవో వారు ఉపన్యాసములతో గాక శరీరములతో చూపిరి. ఆ యేడు జూలై 26వ తేదీన వికలాంగుల చట్టముపై అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసెను. ఆ చట్టము అంగళ్లకు, హోటళ్లకు, సినిమాశాలలకు కూడ వర్తించును. క్రొత్తవానిని అందఱికిని అనువుగా కట్టవలెను. పాతవానిలో పెద్ద శ్రమయు వ్యయమును లేక తొలగింపదగిన అడ్డులను తొలగింపవలెను. చిన్న అంగడిపై పెద్ద భారము మోపకయే దారిని తెఱచు ఈ పద్ధతిలో వివేకము కలదు.

నేటి విద్యార్థులలో కొందఱు రేపు ఇంజనీర్లగుదురు, కొందఱు మేస్త్రీలగుదురు, కొందఱు వర్తకులగుదురు, కొందఱు భవనముల పటములపై సంతకము చేయు అధికారులగుదురు. ఇంజనీరు మొదటి గీత గీయునాడే వాలుదారిని గీయవలెను. మేస్త్రీ ఒకటికి పండ్రెండు అను లెక్కను మఱువరాదు. అధికారి కొలచి చూడక సంతకము చేయరాదు. వర్తకుడు ఆ దారిపై మోటారుసైకిలు నిలుపనీయరాదు. ఈ నలుగురిలో ఏ ఒక్కడు తప్పినను తక్కిన ముగ్గురి శ్రమ వ్యర్థమగును. అంతవఱకు పిల్లలు చేయదగిన పనియు కలదు. ఒక కొలబద్దతో తమ వీథి అంగళ్ల మెట్లను కొలచి, ఏ మెట్టునకు ఎన్నడుగుల దారి వలయునో లెక్కకట్టి, పాఠశాల గోడపై వ్రాసి పెట్టవచ్చును. గణితము పుస్తకము విడిచి వీథికి వచ్చినప్పుడు అది ధర్మమునకు కూడ కొలత యగును.

మెట్టును దేవుడు చేయలేదు, మనుష్యుడు కట్టినాడు. కట్టినవాడే మార్చగలడు.